ఏడేళ్ళ పాపకు దవడ పాలపన్ను తీసేయాలంటున్నారు, ఏమైనా ప్రమాదమా?

విభాగం: పిల్లల ఆరోగ్యం

చిన్నీ_వాళ్ళమ్మ (గుంటూరు), సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా పాపకు మొన్ననే ఏడేళ్ళు నిండాయి. కింద ఎడమవైపు దవడ పన్ను పిప్పి పట్టింది. అన్నం ఎప్పుడూ కుడి బుగ్గన పెట్టుకునే నములుతుంటే అలవాటేమో అనుకున్నాను. పోయిన శుక్రవారం పళ్ళు తోముతుంటే ఆ పన్ను పక్కన చిగురు మీద మినప్పప్పు బద్దంత తెల్ల పొక్కు కనబడింది. నొక్కితే చీము.

మా వీధి చివరి క్లినిక్‌లో చూపిస్తే రెండు నిమిషాలు చూసి, "పాలపన్నే కదమ్మా, ఎలాగూ ఊడేదే, తీసేద్దాం" అన్నారు. ఎక్స్‌రే ఏమీ తీయలేదు. ఐదు రోజులకు మందు రాసి శనివారం రమ్మన్నారు. ఇంటికొచ్చి చెప్పగానే మా అత్తయ్యగారు ససేమిరా అన్నారు. దవడ పన్ను పీకిస్తే కంటి నరం లాగేస్తుందట, వాళ్ళ చిన్నాన్న కూతురికి అలాగే చూపు మందగించిందట. మా ఆయనేమో "ఊడే పన్నుకు ఇంత టెన్షన్ ఎందుకు" అని పేపర్‌లో తల దూర్చేశారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇంత చిన్నపిల్లకు పన్ను తీయిస్తే నిజంగా ఏమేం జరగొచ్చు? మీలో ఎవరైనా తీయించారా?

గోదారి_గట్టు (రాజమండ్రి), సోమవారం రాత్రి 10:05

అక్కా, మా వాడికి ఆరేళ్ళప్పుడు తీయించాం. పన్ను తీయడం పది నిమిషాల పని, ఏడుపు కూడా పెద్దగా లేదు. అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది.

కింది దవడకు ఇంజెక్షన్ ఇస్తే ఆ వైపు పెదవి, నాలుక, బుగ్గ అన్నీ మొద్దుబారతాయి. రెండు మూడు గంటలు అలాగే ఉంటుంది. వాడికి ఆ తిమ్మిరి గమ్మత్తుగా అనిపించి కింది పెదవిని చూయింగ్ గమ్‌లా నమలడం మొదలెట్టాడు. నొప్పి తెలియదుగా! ఆటో దిగేదాకా నేను చూసుకోలేదు. సాయంత్రానికి పెదవి దొండపండంత వాచింది. మర్నాడు పొద్దున దాని మీద తెల్లటి పొర కట్టింది. చీము పట్టిందని హడలిపోయి పరిగెత్తాం. అది చీము కాదు, పుండు మానేటప్పుడు కట్టే పొర అన్నారు డాక్టరు గారు. వారానికి తగ్గింది. పన్ను తీసిన చోట మాత్రం రెండో రోజుకే వాడికి గుర్తు కూడా లేదు.

కాబట్టి ఆ మూడు గంటలూ పక్కనే కూర్చో. మత్తు పూర్తిగా దిగేదాకా తినడానికి ఏమీ పెట్టకు. నిద్రపుచ్చొద్దు కూడా, నిద్రలో కొరుక్కుంటారు.

కంటి సంగతి మా అమ్మ కూడా అంది. వాడి చూపు బ్రహ్మాండంగా ఉంది, ఫోన్ ఎక్కడ దాచినా కనిపెడతాడు.

రావు_రిటైర్డ్ (విజయవాడ), సోమవారం రాత్రి 10:31

ఈ కాలం వాళ్ళకు ప్రతిదీ పెద్ద కేసే. మా రోజుల్లో పన్ను కదిలితే దారం కట్టి తలుపుకు ముడేసేవారు, తలుపు ధడాలున మూస్తే పన్ను చేతిలో ఉండేది. పేడముద్దలో పెట్టి పెంకుటింటి మీదికి విసిరేవాళ్ళం. ఎక్స్‌రే అట, స్పెషలిస్టట! వీళ్ళెప్పుడూ బిల్లు పెంచుదామా అని చూస్తుంటారు. ఊడే పన్నుకు రూట్ కెనాల్ చేసి, క్యాప్ వేసి, ఏడు వేలు అడిగారు మా మనవడికి. తీయించి పారేయమన్నాను.

పసిపళ్ళు_వరంగల్, సోమవారం రాత్రి 11:18

నేను పిల్లల పళ్ళ డాక్టర్ని. పాపను చూడకుండా వైద్యం చెప్పను గానీ, శనివారం లోపు మీరే చూసుకోగలిగిన సంగతి ఒకటుంది.

చిన్నీ వాళ్ళమ్మగారూ, ముందు అది పాలపన్నేనా? "ఎడమవైపు దవడ పన్ను" అని మాత్రమే రాశారు. ఆరేళ్ళు దాటగానే పాలపళ్ళన్నిటికీ వెనకాల ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. అది శాశ్వత పన్ను. దానికోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి చాలామంది తల్లిదండ్రులకు అది వచ్చినట్టే తెలియదు, పాలపన్నే అనుకుంటారు. ఫోన్ టార్చి వేసి, కింది పళ్ళ మధ్య గీత నుంచి ఎడమవైపుకు లెక్కపెట్టండి. ముందు పళ్ళు రెండు, కోరపన్ను ఒకటి, పాల దవడ పళ్ళు రెండు, మొత్తం ఐదు. పిప్పి పట్టింది ఎన్నోది? ఆరోదైతే తీయించే మాట ఇప్పటికి ఆపి, ముందు పిల్లల స్పెషలిస్టుకు చూపించండి. ముందు పళ్ళు ఊడి కొత్తవి వస్తున్నా పర్వాలేదు, చోటు లెక్కేయండి.

రావుగారూ, కదిలే పన్ను వేరు, కదలని పన్ను వేరు. కదిలే పన్నుకు వేరు అప్పటికే కరిగిపోయి ఉంటుంది, మీ తలుపు చేసే పని పెద్దగా ఏమీ మిగలదు. ఏడేళ్ళకు దవడ పాలపన్ను వేళ్ళు ఇంకా నిండుగా ఉంటాయి.

చిన్నీ_వాళ్ళమ్మ, సోమవారం రాత్రి 11:50

డాక్టరు గారూ, పాప నిద్రపోయింది. అయినా ఆగలేక నోరు కాస్త తెరిచి టార్చి వేశాను. అరచేతిలో జొల్లు కారుస్తూ నా వేలు కొరికింది. మూడుసార్లు లెక్కపెట్టాను. పిప్పి పట్టింది ఐదోదే. దాని వెనకాల నిజంగానే ఇంకో పన్ను సగం బయటికొచ్చి ఉంది, పైన చిగురు గొడుగులా కప్పుకుని! ఇన్నాళ్ళూ నేను చూడనే లేదు.

కరీంనగర్_నాన్న, మంగళవారం ఉదయం 6:20

డాక్టర్ గారు చెప్పిన ఆరో పన్నుతోనే మేం దెబ్బతిన్నాం. మా బిడ్డకు తొమ్మిదేళ్ళప్పుడు కింద పన్ను పాడైంది. మేం పాలపన్ను అన్నాం, అక్కడ కూర్చున్నాయన కూడా సరే అని తీసేశాడు. మళ్ళీ వస్తుందని రెండేళ్ళు ఎదురుచూసినం. రాలేదు. ఇప్పుడు పదిహేనేళ్ళు. పక్కపన్ను ఖాళీలోకి ఒరిగింది, పైపన్ను ఎదురు లేక కిందికి దిగింది. క్లిప్పులు పెట్టిస్తున్నాం, రెండేళ్ళ పని అంటున్నారు. బిడ్డకు నేనేం చెప్పాలి? మీ నాన్నకు లెక్క రాదు అనా?

పసిపళ్ళు_వరంగల్, మంగళవారం మధ్యాహ్నం 1:40

కరీంనగర్ అన్నా, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, లెక్కపెట్టాల్సింది కుర్చీ పక్కన నిలబడ్డవాళ్ళు. ఒక మాట: ఆరో పన్ను బాగుచేయలేనంతగా పాడైతే ఎనిమిది, పది ఏళ్ళ మధ్య మేమే కావాలని తీసిన సందర్భాలూ ఉంటాయి, వెనక పన్ను జరిగొచ్చి ఆ చోట కూర్చుంటుందని. కానీ అది ఎక్స్‌రే చూసి, క్లిప్పుల డాక్టరుతో మాట్లాడి తీసుకునే నిర్ణయం.

భోజనం విరామం దొరికింది కాబట్టి చిన్నీ సంగతి కాస్త వివరంగా రాస్తాను.

ఐదో పన్ను మామూలుగా పది, పన్నెండేళ్ళ మధ్య ఊడుతుంది. ఏడేళ్ళకే తీస్తే ఆ చోటు నాలుగైదేళ్ళు ఖాళీగా ఉండాలి. ఉండదు. మీరు నిన్న రాత్రి చూసిన గొడుగు కింది పన్ను ముందుకు జరుగుతుంది. బస్సులో కిటికీ సీటాయన దిగితే పక్కాయన జరిగినట్టే. పన్నెండేళ్ళకు అసలు పన్ను వచ్చేసరికి సీటు ఉండదు, పక్కకు తిరిగి వస్తుంది, లేదా ఎముకలోనే ఇరుక్కుపోతుంది. అందుకే ఇలాంటి పన్ను తీశాక స్పేస్ మెయింటెయినర్ పెడతాం. పక్కపన్నుకు ఉంగరంలాంటి పట్టీ, దానికి ఖాళీ చోటు మీదుగా తీగ. చిన్నీకి వెనక పన్ను ఇంకా పూర్తిగా రాలేదు కాబట్టి ఎలాంటిది, ఎప్పుడు పెట్టాలో చూసినవాళ్ళే చెప్పాలి. పెట్టి మర్చిపోయేది కాదు, ఆరు నెలలకోసారి చూపించాలి. జిగురు వదిలితే లోపల అన్నం చేరి పక్కపన్ను కూడా పిప్పి పడుతుంది.

రెండోది, ఎక్స్‌రే. దవడ పాలపన్ను వేళ్ళు కాళ్ళు చాపి కూర్చున్నట్టు విడిపోయి ఉంటాయి, ఆ కాళ్ళ మధ్యే శాశ్వత పన్ను మొగ్గ ఉంటుంది. తీసేటప్పుడు వేరు కొస విరగడం అరుదేమీ కాదు. విరిగిందని లోపలికి తవ్వితే ఆ మొగ్గకు దెబ్బ తగలొచ్చు. చాలా చిన్న ముక్క అయితే వదిలేయడమే మేలు, అది కరుగుతుంది లేదా తనంతట తానే పైకొస్తుంది. కానీ వదిలేశామన్న సంగతి తల్లిదండ్రులకు చెప్పి, చీటీ మీద రాయాలి. కొందరు పిల్లలకు అసలు కింద శాశ్వత పన్నే ఉండదు. అది తెలియకుండా తీసేస్తే తర్వాత ఏడవాలి.

అలాగని పొక్కు పెట్టుకుని కూర్చోవడమూ మంచిది కాదు. ఆ చీము కింద ఎదుగుతున్న మొగ్గ మీద ఎనామిల్‌ను, అంటే పన్ను గట్టి పైపొరను, పాడుచేస్తుంది, పన్నెండేళ్ళకు పసుపు మచ్చతో, గుంటలతో వస్తుంది పాపం. ఐదు రోజుల మందుతో పొక్కు పోతుంది, జబ్బు పోదు. రూట్ కెనాల్‌తో నిలబడే పన్నా, తీయాల్సిందేనా అన్నది ఎక్స్‌రేలో వేళ్ళ మధ్య ఎముక ఎంత మిగిలిందన్న దాన్ని బట్టి.

రావుగారి ఏడు వేల మీద నేను వాదించను, పై ముందుపళ్ళయితే నేనే చాలాసార్లు తీసేయమంటాను. కోరపళ్ళు వచ్చేశాక అక్కడ చోటు పెద్దగా మూసుకోదు. ఏ పన్ను, ఏ వయసు అన్నదే లెక్క.

కంటి చూపు నరం వేరు, పళ్ళకు స్పర్శ అందించే నరం వేరు. అత్తయ్యగారికి నా నమస్కారాలు.

రావు_రిటైర్డ్, మంగళవారం మధ్యాహ్నం 3:02

బస్సు సీటు పోలిక బాగుంది. మనవడి పన్ను తీయించి ఎనిమిది నెలలయింది, ఆ తీగ గురించి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పెట్టించొచ్చా?

పసిపళ్ళు_వరంగల్, మంగళవారం మధ్యాహ్నం 3:15

ఈ వారమే చూపించండి రావుగారూ. చోటు ఎక్కువగా మూసుకునేది మొదటి ఆరు నెలల్లోనే. ఎంత మిగిలిందో కొలిచి చెబుతారు.

మామిడితోట (అనంతపురం), మంగళవారం రాత్రి 8:55

ఈ దారం, తలుపు మాటలు చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా బాబుకు ఆరేళ్ళప్పుడు కింది ముందుపన్ను కదులుతుంటే మా నాన్న సరదాగా వేలితో ఎత్తేశారు. కాసేపట్లో రక్తం ఆగింది. రాత్రి మళ్ళీ మొదలైంది. దూది పెట్టాం, ఆగింది. పొద్దున దిండు గలీబు మీద చేయంత ఎర్రటి మరక. మూడు రోజులు ఇదే వరస, ఆగడం, మళ్ళీ కారడం. ఊళ్ళో ఒకరు కుట్టు కూడా వేశారు. నాలుగో రోజు వాడు పాలిపోయి సోఫా మీంచి లేవకపోతే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ నన్ను ఒకే ప్రశ్న అడిగింది: "మీ అమ్మవైపు మగపిల్లలకెవరికైనా రక్తం ఆగని జబ్బుందా?" మా మేనమామ పదేళ్ళప్పుడు చెట్టు మీంచి పడి పోయాడని తెలుసు. ఎలా పోయాడని ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అమ్మకు ఫోన్ చేసి అడిగితే, దెబ్బ చిన్నదే, రక్తమే ఆగలేదంది.

హీమోఫీలియా అని తేలింది, రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8 తక్కువ. జబ్బు తక్కువ స్థాయిలో ఉంటే రోజువారీగా ఏమీ తెలియదట, మొదటిసారి పన్ను తీసినప్పుడో సున్తీ చేసినప్పుడో బయటపడుతుందట. మోకాలు గీసుకుంటే మిగతా పిల్లల్లాగే మానేది మరి. మొన్న పిప్పి పన్ను తీయాల్సి వస్తే ముందే ఫ్యాక్టర్ ఎక్కించి, తర్వాత రక్తం కారకుండా ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్ మందుతో పుక్కిలింపించి, ఒక రాత్రి ఉంచుకుని పంపారు. ఒక్క చుక్క ఇబ్బంది లేదు.

చిన్నీ వాళ్ళమ్మా, పుట్టింటి వైపు, అత్తింటి వైపు రెండూ అడుగు. ఊరికే కమిలిన మచ్చలు రావడం, ముక్కులోంచి రక్తం గంటల తరబడి ఆగకపోవడం లాంటివి ఎవరికున్నా ముందే చెప్పు. ఆడపిల్లే కదా అనుకోవద్దు, ఆడపిల్లలకూ వచ్చే రక్తస్రావం జబ్బులున్నాయి.

గోదారి_గట్టు, మంగళవారం రాత్రి 9:10

అక్కా, చదువుతుంటే చేతులు చల్లబడ్డాయి. బాబు ఇప్పుడెలా ఉన్నాడు?

మామిడితోట, మంగళవారం రాత్రి 9:14

క్రికెట్ వద్దంటే క్యారమ్స్‌లో జిల్లా స్థాయికి వెళ్ళాడు.

డాలస్_బుజ్జి, బుధవారం ఉదయం 7:30

మేం టెక్సాస్‌లో ఉంటాం. మా నాలుగేళ్ళ దానికి ఒకేసారి మూడు పళ్ళ పని ఉందని పూర్తి మత్తు ఇచ్చి చేస్తామన్నారు. ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దు, మంచినీళ్ళు మాత్రం రెండు గంటల ముందు వరకూ ఇవ్వొచ్చు అన్నారు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారికి మనవరాలు ఖాళీ కడుపుతో వెళ్ళడం భరించరానిదైపోయింది. పొద్దున్నే నేను స్నానానికి వెళ్ళినప్పుడు గ్లాసెడు పాలు పట్టేశారు. ఆసుపత్రిలో నర్సు అడిగితే పిల్లే చెప్పేసింది, "నానమ్మ సీక్రెట్ పాలు ఇచ్చింది" అని. మొత్తం క్యాన్సిల్, మళ్ళీ ఐదు వారాలకు.

అప్పుడు కోపం వచ్చింది గానీ, మత్తులో ఉన్నప్పుడు కడుపులో పాలు పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుందని మత్తు డాక్టరు చెప్పాక, పిల్ల నోరు ఆగనందుకు దిష్టి తీశాను. పాలకు ఆరు గంటల గడువు కావాలట. చిన్నీకి ఉత్త ఇంజెక్షనే అయితే ఈ ఉపవాసాలేమీ ఉండవు, పైగా తిని వెళ్తేనే నయం.

చిన్నీ_వాళ్ళమ్మ, బుధవారం ఉదయం 11:25

మీరంతా ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అమ్మవైపు, అత్తయ్యగారి వైపు అడిగాను, రక్తం గొడవలేమీ లేవు. శనివారం అక్కడికి వెళ్ళడం లేదు. దగ్గర్లో డెంటల్ కాలేజీలో పిల్లల విభాగం ఉందట, రేపు వెళ్తున్నాం. డాక్టరు గారూ, నేను ఇంకేం చెప్పాలి వాళ్ళకి?

పసిపళ్ళు_వరంగల్, బుధవారం మధ్యాహ్నం 2:05

పాప బరువు. మత్తు ఇంజెక్షన్ మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి. లిగ్నోకెయిన్ అయితే పిల్లలకు మేం పాటించే హద్దు కిలోకు 4.4 మిల్లీగ్రాములు. 18 కిలోల పిల్లకు 2 శాతం మందు 4 మి.లీ. దాకా అన్నమాట. ఒక్క పన్నుకు అంత అవసరమే రాదు. ఒకే రోజు రెండువైపులా నాలుగు పళ్ళు తీసేద్దాం అన్నప్పుడే ఇది గుర్తుంచుకోవాలి.

గుండెలో పుట్టుకతో రంధ్రం, ఉబ్బసం, ఫిట్స్, ఏ మందైనా పడకపోవడం, ఈమధ్య డెంగీ జ్వరం, ఇవి అడక్కపోయినా చెప్పండి. కొన్ని గుండె జబ్బులున్న పిల్లలకు పన్ను తీసే గంట ముందే యాంటీబయాటిక్ ఇవ్వాలి. డెంగీ తగ్గిన కొత్తలో ప్లేట్‌లెట్లు చూడకుండా ముట్టుకోం. నొప్పికి పారాసిటమాల్ బరువును బట్టి, ఇంట్లో పెద్దవాళ్ళ యాస్పిరిన్ మాత్రం వద్దు.

తీశాక గాజుగుడ్డ అరగంట గట్టిగా కొరికిపట్టాలి. ఉమ్మి గులాబీ రంగులో రావడం మామూలే. మాటిమాటికీ ఉమ్మనివ్వొద్దు, ఆ రోజు స్ట్రాతో తాగనివ్వొద్దు. అరగంట చొప్పున రెండుసార్లు కొరికిపట్టినా ఎర్ర రక్తం కారుతుంటే, మర్నాటికి బుగ్గ వాపు పెరిగి జ్వరం వస్తే, మింగడం కష్టమైతే, వాపు కంటి కిందికో గొంతు వైపుకో పాకితే తెల్లారేదాకా ఆగొద్దు.

చిన్నీ_వాళ్ళమ్మ, ఆదివారం సాయంత్రం 6:48

అందరికీ ఒక్కసారే చెబుతున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి.

గురువారం ఎక్స్‌రే తీశారు. నాకూ చూపించారు. వేళ్ళ మధ్య ఎముక ఉండాల్సిన చోట నల్లగా ఉంది, కింద కొత్త పన్ను మొగ్గ లవంగం తలలా కనబడింది. రూట్ కెనాల్‌తో నిలబడదు, తీయాల్సిందే అన్నారు. అంటే మా వీధి డాక్టరు చెప్పిందీ అదే, కాకపోతే ఆయన చూడకుండా చెప్పారు. బరువు తూచారు, 19 కిలోలు. మామిడితోట గారి ప్రశ్న కూడా అడిగారు.

శుక్రవారం తీశారు. పన్ను బయటికొచ్చాక ఆ అమ్మాయి డాక్టరు దాన్ని ట్రేలో తిప్పి, రెండు వేళ్ళూ కొస వరకూ వచ్చాయని పెన్ను మొనతో చూపించింది. ఒక వేరు పొట్టిగా, నల్లగా ఉంది. గాయం మానాక ఇంకో రెండు వారాలకు కొలతలు తీసి తీగ పెడతారట.

తిమ్మిరి దిగేదాకా రెండున్నర గంటలు నేను ఎదురుగా కూర్చుని అష్టాచెమ్మా ఆడాను. పెదవి లోపలికి లాగినప్పుడల్లా "నీ ఆట పోయింది" అన్నాను. మూడుసార్లు పోయింది. గోదారి గట్టూ, నీకు రుణపడి ఉంటాను.

అత్తయ్యగారు మాత్రం రెండు రోజులుగా పొద్దున్నే పాపను హాల్లో ఈ చివర నిలబెట్టి, ఆ గోడ మీది క్యాలెండర్‌లో తిథి చదివిస్తున్నారు. అది చదివేస్తోంది. నిన్న పన్నును పేడలో పెట్టి ఇంటి మీదికి విసరాలని పట్టుబట్టారు. మాది అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. పేడ దొరకలేదు, చపాతీ పిండిలో పెట్టి బాల్కనీలోంచి పైకి విసిరారు. కింద వాచ్‌మన్ ఇంకా పైకే చూస్తున్నాడు.

రావు_రిటైర్డ్, ఆదివారం సాయంత్రం 7:20

మావాడికి చోటు 2 మిల్లీమీటర్లు పోయిందట. మంగళవారం తీగ పెడుతున్నారు. బిల్లు సంగతి నేను అడగలేదు.